సీలు వేసిన గదిలో పెరిగిన కొండ

“ఆ ఇంజన్ని చిమ్నీ పట్టుకుని ఎత్తినవాడే మా అన్నయ్యని చంపాడు మేడమ్. నేను చిమ్నీ పట్టుకోను. ప్రాణం పోయినా పట్టుకోను.”

లాకప్ ఊచల వెనక నిలబడి హతుడి తమ్ముడు ఆ మాట అనడం అది మూడోసారి. గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు నిమిషాలు. మూడున్నరకి అతన్ని కోర్టులో హాజరుపరుస్తారు. సొంత అన్నని కొట్టి చంపినవాడిగా ఒకసారి బోనెక్కాడా, నాలాంటివాళ్ళు ఎంత గింజుకున్నా ఏళ్ళ తరబడి బయటికి రాడు. నాకు రెండున్నర గంటలు కూడా లేదు.

చనిపోయిన అన్నని అందరూ మేస్త్రీ అనేవారు. రైలు నమూనాలు కట్టడం ఆయన పని. పట్టాలు, వంతెనలు, సొరంగాలు, కొండలు కొలత ప్రకారం బల్ల మీద పేర్చి కంపెనీలకీ ప్రదర్శనశాలలకీ ఇచ్చేవాడు. వాటి మీద తిరిగే ఇంజన్లు తమ్ముడు చేసేవాడు, ఇత్తడి రేకు కత్తిరించి, ఒక్కొక్క రివెట్టూ చేత్తో కొట్టి. మొన్న మంగళవారం సాయంత్రం ఏడుంపావుకి మేస్త్రీ భార్య షెడ్డు తలుపు తీసేసరికి ఆయన బల్ల పక్కన బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కనే రెండున్నర కిలోల ఇత్తడి ఇంజను. దాని మీద నెత్తురు, దాని నిండా తమ్ముడి వేలిముద్రలు.

వేలిముద్రలు ఉండక ఏం చేస్తాయి? ఆ ఇంజన్ని తయారుచేసినవాడు వాడేనాయె!

“చిమ్నీ సంగతి మళ్ళీ చెప్పు,” అన్నాను. “ఏడవకుండా చెప్పు.”

“ఇంజన్ని ఎప్పుడైనా అడుగున ఫ్రేము దగ్గర రెండు చేతులతో ఎత్తాలి మేడమ్, పసిపిల్లని ఎత్తినట్టు. చిమ్నీ పట్టుకుంటే బాయిలర్ దగ్గర అతుకు ఊడుతుంది. పక్కనున్న హ్యాండ్‌రెయిల్ సన్నటి తీగ, వేలు గట్టిగా తగిలితే వంగిపోతుంది. స్టేషన్లో నాకు దాన్ని చూపించారు. చిమ్నీ ఓ పక్కకి వాలిపోయింది. రెయిల్ రెండుచోట్ల వంగింది. నాలుగు నెలలు చేశాను దాన్ని. కోపంతో కళ్ళు మూసుకుపోయినా నా చేతులు అలా పట్టుకోవు.”

“అయితే కోపం వచ్చిందన్నమాట.”

అతను తల దించుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, వేళ్ళ చివర టంకం కాలిన మచ్చలు, రెండు రాత్రులుగా నిద్రలేని కళ్ళు.

“మంగళవారం మీరిద్దరూ అరుచుకున్నారు. ఎన్నింటికి?”

“అయిదున్నరకి. నమూనా మీద కప్పే గాజు పెట్టెకి అద్దాలాయన కొలత తీసుకుని వెళ్ళాక.”

“ఎందుకు అరుచుకున్నారు?”

“కొండ గురించి.”

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఓ కంపెనీ కొత్త రైలుమార్గం వేస్తోంది. దారిలో కొండ. కొండ మీద రెండు వందల ఇళ్ళ కాలనీ, కింద సొరంగం. సొరంగం కప్పుకీ పైనున్న ఇళ్ళకీ మధ్య కనీసం పదిహేను మీటర్ల మట్టి ఉంటే తప్ప అనుమతి రాదు. సోమవారం అధికారులు నమూనా చూసి సంతకాలు పెడతారు. మేస్త్రీ కంపెనీ ఇచ్చిన సర్వే డ్రాయింగు చూసే కొండ కట్టాడు. ఫోమ్ షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కడతారు. ఒక్కో షీటు అసలు కొండలో రెండు మీటర్లకి లెక్క. సొరంగం మీద అయిదు షీట్లు పట్టాయి. అంటే పది మీటర్లు.

“మంగళవారం నాలుగింటికి సర్వే ఇంజనీరు వచ్చి, పాత డ్రాయింగు తప్పు, ఇంకో మూడు షీట్లు వెయ్యండి అన్నాడు. అన్నయ్య ససేమిరా అన్నాడు. నేనే బుద్ధిలేక, ‘ఉత్త బొమ్మే కదా అన్నయ్యా, మూడు షీట్లు పెడితే మన సొమ్మేం పోయింది’ అన్నాను. ‘బొమ్మ చూసేరా సంతకాలు పెట్టేది, రేపు ఆ ఇళ్ళు కుంగితే పోయేది ఎవరి ప్రాణాలు?’ అని నా మీదకొచ్చాడు. నేనూ ఊరుకోలేదు. ఆరింటికి బయటికొచ్చేశాను. ఎటో నడిచాను, ఎవరూ చూళ్ళేదు. ‘నీ చాదస్తంతో మమ్మల్ని చంపుతావు’ అన్నాను మేడమ్. మా అన్నయ్యతో నా ఆఖరి మాట అదీ.”

ఇక ఆపుకోలేకపోయాడు. ఊచలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరైనా ఏడుస్తుంటే నాకు చిరాకు, ముఖ్యంగా నాకూ ఏడుపొచ్చేలా ఏడిస్తే.

“ఈ షీట్ల సంగతి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావా?”

“చెప్పాను. నిన్న సాయంత్రం వెళ్ళి లెక్కపెట్టి వచ్చాడు. ఎనిమిది ఉన్నాయంటాడు! అయిదే మేడమ్. నా కళ్ళముందు కట్టిన కొండ. ఎనిమిదెలా అవుతాయి?”

“కట్టుకథ కాబట్టి అవుతాయి,” అంది నా వెనక ఓ గొంతు.

ఇన్‌స్పెక్టర్. డిపార్ట్‌మెంట్లో అందరూ ఈయన్ని చాటుగా స్టాంపు అంటారు. ఫైలు చేతికొస్తే చదివేలోపే స్టాంపు గుద్దేస్తాడని. నేను పోలీసు ఉద్యోగం వదిలి సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టకముందు నాకంటే జూనియరు. అక్కా అని పిలుస్తాడు గానీ అది ప్రేమతో కాదు, నా వయసు నాకు గుర్తుచెయ్యడానికి.

“మోకాలు నొప్పి తగ్గిందా అక్కగారూ? ఇన్ని మెట్లు ఎక్కి ఎందుకొచ్చారు? అయిదంటాడు, ఎనిమిదున్నాయి. నేనే లెక్కపెట్టాను. ఆరింటికి వెళ్ళానంటాడు, ఆరూ ఇరవైకి షెడ్డులోంచి పరిగెత్తడం సర్వే ఇంజనీరు చూశాడు. ఇంకేం మిగిలింది?”

“చిమ్నీ మీద ఎవరి వేలిముద్రలున్నాయి?”

“ఎవరివీ లేవు. తుడిచినట్టుంది.”

“ఇంజను నిండా తన ముద్రలు వదిలేసి, చిమ్నీ ఒక్కటే తుడుచుకుని వెళ్ళాడా? అబ్బో, ఎంత తెలివైనవాడయ్యా!”

“అది కోర్టులో అడగండి.”

“కోర్టుకి ఎవరు తీసుకెళ్తారు? ఒక్కణ్ణే పంపొద్దని వాళ్ళ వదిన మరీమరీ చెప్పింది.”

“కానిస్టేబులూ డ్రైవరూ ఇద్దరుంటారు. ఒంటరి ఎలా అవుతాడు? ఇంకా నయం, బ్యాండు మేళం పెట్టమన్లేదు.”

ఆ వదినే నన్ను ఈ కేసులోకి దింపింది. పొద్దున్న ఎనిమిదింటికి మా ఇంటికొచ్చింది, మేస్త్రీ భార్య. భర్త పోయి రెండు రోజులు కాలేదు, ఆయన్ని చంపాడంటున్నవాణ్ణి విడిపించమని అడగడానికి వచ్చింది. “పోయినాయన్ని ఎలాగూ తెచ్చుకోలేనమ్మా. ఉన్నవాణ్ణి నాకు మిగల్చండి. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి వాడికి పదిహేనేళ్ళు. నా చేతి అన్నం తిని పెరిగాడు” అంది. ఎవరి మీద అనుమానం అంటే నోరు మెదపలేదు. టీ ఇస్తే ముట్టుకోలేదు. చేతులు రెండూ బల్ల కిందే పెట్టుకుని కూర్చుంది. లేచి వెళ్ళేటప్పుడు, “వాణ్ణి ఒంటరిగా ఎక్కడికీ పంపనివ్వకండి” అని రెండుసార్లు చెప్పింది. ఆడమనిషి బెంగ అనుకున్నాను. ఆడదాన్నయ్యుండీ నేనే అలా అనుకున్నాను, అదీ నా తెలివి.

రెండూ పదికి షెడ్డు చేరాను. ఇంటి వెనక పొడుగాటి రేకుల గది అది. నేను గేటు దాటుతుండగా తెల్లకారొకటి వచ్చి ఇన్‌స్పెక్టర్‌ని దింపింది.

“ఎవరిదీ కారు?”

“సర్వే ఇంజనీరుగారిది. మా జీపు గ్యారేజీలో పడుకుంది. డ్రైవరుతో సహా వాడుకోమని ఇచ్చారు, మర్యాదస్తుడు.”

“సాక్షి కారులో తిరుగుతున్నావా?”

“మీలా కుంటుకుంటూ తిరగమంటారా?”

కారు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మీ మనిషిని కోర్టుకి తీసుకెళ్ళాలిగా, అని కూడా అన్నాడాయన. మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. నేను తలుపు మీది లక్క సీలు చూస్తున్నాను. పాత లక్క మీద కొత్త లక్క.

“ఇది విప్పి మళ్ళీ వేశారు.”

“నిన్న నేనే విప్పాను, షీట్లు లెక్కపెట్టడానికి. అక్కగారికి అన్నిట్లోనూ అనుమానమే.”

లోపల గది పొడుగునా నడుం ఎత్తు బల్ల. బల్ల మీద రైలుమార్గం. నేను పిల్లల బొమ్మరైలు లాంటిదేదో ఊహించుకుని వెళ్ళాను, సిగ్గేసింది. పట్టాల కింద అడ్డంగా అగ్గిపుల్లంత స్లీపర్లు, ఒక్కొక్కటీ చేత్తో పరిచినవి. పట్టాల మధ్య జల్లెడ పట్టిన రాతిపొడి. గోడ మీద గోధుమరంగు కాగితం, దాని మీద ఈ మార్గమంతా పెన్సిలుతో అదే కొలతలో గీసి ఉంది. ప్రతి మలుపు దగ్గరా వ్యాసార్థం, ప్రతి ఎత్తు దగ్గరా వాలు. కొండ ఉండాల్సిన చోట మాత్రం కాగితం చింపేసి ఉంది. అంచు తాజాగా, తెల్లగా ఉంది.

బల్ల చివర కొండ. కొండ మీద గోరంత ఇళ్ళు, నీళ్ళ ట్యాంకు, ట్యాంకు పక్కన తీగతో మెలిపెట్టిన చెట్లు.

“చెట్లు ఎవరు చేశారు?” అన్నాను.

“మేస్త్రీగారి భార్యే,” అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. సర్వే ఇంజనీరు. “ఈ షాపులో చెట్లూ గడ్డీ ఎప్పుడూ ఆవిడవే. గాజు పెట్టె మూడింటికి వస్తోంది. బిగించగానే నమూనా తీసుకెళ్తాం, ఇన్‌స్పెక్టర్‌గారు అనుమతిచ్చారు. సోమవారం ప్రదర్శన కదా.”

“మీరు ఆఖరిసారి ఇది చూసిందెప్పుడు?”

“మంగళవారం నాలుగింటికి.”

“అప్పటికి కొండ ఇలాగే ఉందా?”

“అచ్చం ఇలాగే. ఒక్క గడ్డిపోచ కూడా మారలేదు.”

“మూడు షీట్లు పెంచమని మీరు అడగలేదూ?”

ఆయన బాధగా నవ్వాడు. “పెంచాల్సిన అవసరమేముందమ్మా? డ్రాయింగులో ఎనిమిదే ఉన్నాయి, కొండలో ఎనిమిదే ఉన్నాయి. పాపం, మనిషి కష్టంలో ఉన్నప్పుడు ఏదో ఒకటి అంటాడు.”

మా నాన్న తాపీ పని చేసేవాడు. గోడ ఆరిందో లేదో వేలితో చూసేవాడు కాదు, చెంప ఆనించి చూసేవాడు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటే చెంపకి చల్లగా తగులుతుందనేవాడు. నేను బల్ల మీదకి వంగి కొండ అడుగున చెంప ఆనించాను. గది ఎంత వెచ్చగా ఉందో అంత వెచ్చగా ఉంది. పైకి జరిగి నీళ్ళ ట్యాంకు కింద ఆనించాను. చల్లగా తగిలింది.

“ఏం చేస్తున్నారు అక్కగారూ, కొండకి ముద్దు పెడుతున్నారా?”

“మేస్త్రీ ఈ కొండకి ప్లాస్టర్ ఎప్పుడు వేశాడు?”

“వాళ్ళావిడ చెప్పింది, పోయిన శనివారం.”

“శనివారం వేసింది అడుగున ఎండింది. పైన మాత్రం గురువారానికీ ఎండలేదు. ఎందుకంటావు?”

ఆయన జవాబు వెతుక్కునేలోపు నేను బల్ల కిందకి దూరాను. మోకాలు ప్రాణం తీసింది. సొరంగంలో రైలు పట్టాలు తప్పితే చెయ్యి పెట్టి తియ్యడానికి ఇలాంటి కొండలకి అడుగున ఓ కిటికీ వదులుతారని ఇందాక తమ్ముడు చెప్పాడు. అది తెరిచి టార్చి వేశాను. లోపల బోలు. ఓ పక్కన షీట్ల అంచులు మెట్లలా కనిపిస్తున్నాయి. సొరంగం కప్పు మీద మొదటి షీటుకి పెన్సిలుతో ఒకటి, చుట్టూ సున్నా. తరవాత రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆపైన ఇంకో మూడు షీట్లు ఉన్నాయి. వాటి మీద అంకెల్లేవు.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, లెక్కపెట్టానన్నావు. చదివావా?”

“ఏం చదవాలి?”

“కిందకొచ్చి చూడు. అయిదింటికి మేస్త్రీ నంబర్లున్నాయి, మూడింటికి లేవు.”

ఆయన రాలేదు. “మర్చిపోయుంటాడు. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే.”

సరిగ్గా మూడింటికి గేటు చప్పుడైంది. అద్దాలాయన, ఇద్దరు కూలీలు, వాళ్ళ మధ్య దుప్పట్లు చుట్టిన గాజు పెట్టె. వెనకే మేస్త్రీ భార్య వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

“అమ్మగారు నిన్న సాయంత్రం ఫోన్ చేశారండీ,” అన్నాడు అద్దాలాయన చెమట తుడుచుకుంటూ. “గురువారం మూడింటికి తెచ్చి తీరాలి, నిమిషం అటూ ఇటూ కావద్దన్నారు. జాగ్రత్తగా దింపండ్రా.”

పెట్టెని ముగ్గురూ పైకెత్తి నమూనా మీదకి దింపారు. దిగుతూ దిగుతూ టక్కుమని ఆగిపోయింది. నీళ్ళ ట్యాంకు కప్పుకి గాజు తగిలింది. అడుగున బల్లకీ పెట్టెకీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ.

“అదేమిటి!” అద్దాలాయన మొహం పాలిపోయింది. జేబులోంచి చీటీ తీశాడు. “డెబ్బై రెండు సెంటీమీటర్లు. మంగళవారం అయిదింటికి మేస్త్రీ, నేనూ చెరో కొసా పట్టుకుని కొలిచాం. ట్యాంకు ఎత్తు, పైన రెండు వేళ్ళ ఖాళీ. ఇదిగో ఆయన చేతిరాత. ముప్పై ఏళ్ళుగా అద్దం కోస్తున్నాను బాబూ, ఒక్క పెట్టె తిరిగి రాలేదు.”

టేపు తీసి ఖాళీ కొలిచాను. ఆ రెండు వేళ్ళ ఖాళీ కూడా కలుపుకుంటే సరిగ్గా మూడు షీట్ల మందం.

“మంగళవారం అయిదింటికి అయిదు షీట్లు,” అన్నాను. “ఏడుంపావుకి మేస్త్రీ శవం. ఎనిమిదిన్నరకి నువ్వు సీలు వేశావు. ఇవాళ ఎనిమిది షీట్లు, పైన పచ్చి ప్లాస్టర్. నీ సీలు వేసిన గదిలో కొండ పెరిగింది. మేస్త్రీ తమ్ముడేమో అప్పటికే నీ లాకప్‌లో ఉన్నాడు. ‘మంగళవారం నాలుగింటికే ఇలా ఉంది, గడ్డిపోచ కూడా మారలేదు’ అన్నది ఎవరు?”

సర్వే ఇంజనీరు నవ్వు చెదరలేదు. “కొలతలో పొరపాటు జరిగుంటుంది. ఒక్క నిమిషం, ఫోన్ వస్తోంది,” అని చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్ళాడు. నాకు ఫోన్ మోగిన చప్పుడు వినబడలేదు. అయినా ఆపలేదు. ఆ తప్పు నాదే, ఇంకెవరి నెత్తినా రుద్దను.

ఎందుకంటే అప్పుడు నేను ఇన్‌స్పెక్టర్ మొహం చూస్తున్నాను. ఆయన్ని ఎన్నేళ్ళుగానో ఎరుగుదును. తను వేసిన సీలు వంక తనే అనుమానంగా చూసుకోవడం మాత్రం అదే మొదటిసారి.

“తాళం ఎవరికిచ్చావు?” అన్నాను.

“కంపెనీవాళ్ళకి ఇవ్వలేదు. ఒట్టు.” గొంతు తగ్గించాడు. “నిన్న పొద్దున పదింటి నుంచి నాలుగింటిదాకా... ఆవిడకి ఇచ్చాను. ఆయన ఆఖరిసారి పని చేసిన చోట కాసేపు కూర్చుంటానంది. ఎలా కాదంటాను అక్కా?”

ఆ అక్కా అన్న పిలుపులో ఈసారి వెటకారం లేదు.

నేను గుమ్మం వైపు తిరిగాను. ఆవిడ చేతులు ఇప్పుడు దాచుకోలేదు. గోళ్ళ అంచుల్లో తెల్లటి గీతలు, ఎంత కడిగినా పోని ప్లాస్టర్. నన్ను పెట్టుకున్న మనిషే తన మరిదిని అబద్ధాలకోరుని చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“మీరేనా?”

“నేను ఒట్టేశానమ్మా,” అంది. “నోరు విప్పనని. వాడి ప్రాణం మీద ఒట్టేయించుకున్నారు.”

నా కోపం అక్కడే చల్లారిపోయింది. “విప్పొద్దు. నేనడుగుతాను, మీరు తల ఊపండి. కొండ పెంచింది మీరు.”

ఊపింది.

“పెంచితే, మీ మరిది మీద చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటానన్నాడు. ఎవరికైనా చెబితే మాత్రం వాడు కోర్టు గుమ్మం తొక్కడన్నాడు.”

కళ్ళ నీళ్ళు కారుతుండగా ఊపింది.

“చెప్పినవాడు ఇప్పుడు ఫోన్ అని బయటికెళ్ళాడు.”

ఊపింది.

“మీ ఆయన కొలత ఎప్పుడూ తప్పదని మీకు తెలుసు. పెట్టె డెబ్బై రెండుకి తయారవుతోందనీ తెలుసు. అందుకే షీట్ల మీద నంబర్లు వెయ్యలేదు. అందుకే మేమంతా ఇక్కడుండే టైముకి అద్దాలాయన్ని రమ్మన్నారు. నోటితో చెప్పనన్నారు గానీ, గాజు పెట్టె చేత చెప్పించారు.”

ఈసారి ఆవిడ తల ఊపలేదు. ఇన్‌స్పెక్టర్ వైపు చూసి, మొదటిసారి తనే ప్రశ్న అడిగింది.

“మా మరిది ఇప్పుడు ఎక్కడున్నాడు సార్?”

“కోర్టుకి బయల్దేరాడమ్మా. రెండూ యాభైకే.”

“ఎవరి బండిలో?”

ఆయన జేబులోంచి ఫోను లాగాడు. తెల్లకారు, కంపెనీ డ్రైవరు, ఒకే ఒక్క కానిస్టేబులు. అప్పుడెక్కింది నా బుర్రకి. పారిపోబోయిన ముద్దాయి ప్రమాదంలో చచ్చాడంటే ఈ కేసు అక్కడితో మూత. ఆ చిమ్నీ పట్టుకున్నది ఈ సర్వే ఇంజనీరేనా అనీ, కొండ ఎంత ఎత్తుందనీ మళ్ళీ ఎవడూ అడగడు.

నేను గేటు దాకా పరిగెత్తాను, మోకాలు సంగతి మర్చిపోయి. వీధిలో సర్వే ఇంజనీరు లేడు. వెనక్కి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర ఫోను, నుదుటి మీద చెమట. స్టేషన్ నుంచి కోర్టుకి ఏడు నిమిషాల దారి. టైము మూడూ పద్దెనిమిది. కారు కోర్టుకి చేరలేదు. కానిస్టేబులు ఫోను మోగడం లేదు. ఉన్న మనుషులందర్నీ రోడ్డు మీదకి పంపమని అరిచాడు. స్టాంపు అంత వేగంగా సరైన పని చెయ్యడం అదే మొదలు, కానీ అరగంట ఆలస్యం.

మూడూ ఇరవై ఒకటికి ఆవిడ ఫోను మోగింది. నేను నా చెవి కూడా ఆనించాను. అదే మెత్తటి గొంతు.

“అమ్మా, మీ మరిది ఎక్కిన బండి దారిలో ఆగిందట. టైరు పంక్చరు. మంచి దారి కూడా కాదది, పక్కనే లోయ. మీరేం కంగారు పడకండి. అక్కడ ఏదో కొలత తేడా వచ్చిందన్నారు, అది తేలిపోతే బండి కూడా కదులుతుంది. కొండ సరిగ్గానే ఉందనీ, పెట్టె కొలతే తప్పనీ అద్దాలాయన రాసిస్తే చాలు. నంబర్లేవో లేవని మేడమ్‌గారు అంటున్నారు, అవి కూడా ఓసారి చూసుకోండి. నాలుగింటికల్లా మావాడొచ్చి ఫొటోలు తీసుకుంటాడు.”

ఫోను ఆగిపోయింది. ఒక్క ముక్కలో కూడా బెదిరింపు లేదు. కోర్టులో ఎవరు విన్నా మర్యాదస్తుడు అంటారు.

“నేను నోరు విప్పలేదమ్మా,” అంది ఆవిడ నా చెయ్యి పట్టుకుని. “మీరు చూశారుగా. ఒక్క మాట కూడా నేను చెప్పలేదు.”

ఇన్‌స్పెక్టర్ తన నోటుపుస్తకంలోంచి ఓ తెల్లకాగితం చింపి బల్ల మీద పెట్టాడు. అద్దాలాయన దాని వంక, ఆ పెట్టె వంక చూశాడు. “నా కొలత తప్పని నా చేత్తో రాయాలా బాబూ?” అన్నాడు. తరవాత ఆయనే కలం తీసుకున్నాడు.

అసలు కొండ మీద రెండు వందల ఇళ్ళు. దారిలో ఎక్కడో ఒక్క మనిషి. ఈ లెక్క ఎటు మొగ్గుతుందో బయటనుంచి చెప్పడం తేలికే. నేనూ ఇంకో రోజైతే చెప్పేదాన్ని.

మేస్త్రీ భార్య పనిముట్ల డబ్బాలోంచి ఆయన పెన్సిలు తీసింది, కొస కొరికి ఉన్న పొట్టి పెన్సిలు. నా చేతిలోంచి టార్చి తీసుకుని బల్ల కిందకి దూరింది. ముప్పై ఏళ్ళు ఆయన అంకెలు చూసిన మనిషి, ఆయనలాగే వెయ్యగలదు. ఫోమ్ మీద పెన్సిలు గీసిన చప్పుడు వినిపించింది. ఆరు. చుట్టూ సున్నా. తరవాత ఏడు.

టైము మూడూ ఇరవై ఏడు. నేను ఆవిణ్ణి ఆపలేదు.